ప్రోస్టేట్ ఆపరేషన్ తర్వాత సంసారం సంగతి: డాక్టరు చెప్పరు, మనం అడగలేం

సీమ_మాస్టారు
ఎప్పటినుంచో రాయాలా వద్దా అని ఊగిసలాడి ఇప్పుడు రాస్తున్నా. మాది కర్నూలు. నాకు అరవై దాటాయి. పోయిన ఏడాది హైదరాబాదులో ప్రోస్టేట్ కాన్సర్‌కు ఆపరేషన్ అయింది, గ్రంథి మొత్తం తీసేశారు. పీఎస్‌ఏ అంటే ప్రోస్టేట్ సంగతి చెప్పే రక్తపరీక్ష, అది ఇప్పుడు సున్నా దగ్గరే ఉంది. మూత్రం కారడం మొదట్లో బాగా ఉండేది, ఇప్పుడు గట్టిగా దగ్గినప్పుడు తప్ప లేదు. డాక్టర్ల చలవ, కాదనను.

అడగాలనుకున్నది వేరే. అంగం గట్టిపడటం పూర్తిగా పోయింది. ఆ మధ్య ఒకసారి ప్రయత్నిస్తే ఆఖర్న ఏదో వణుకు లాంటిది వచ్చింది గానీ చుక్క కూడా రాలేదు. అది సుఖమో, లోపల ఏదన్నా తెగిందో అర్థం కాక భయపడ్డా. చెకప్‌కు పోయినప్పుడు గొంతు తగ్గించి అడిగితే, ఫైల్లోంచి తలెత్తకుండానే "ప్రాణం దక్కింది కదా మాస్టారూ, మనవళ్లను ఆడించుకునే వయసులో ఇంకా ఇదేంటి" అనేశారు. ఒక పక్క నర్సు, వెనక తరువాతి పేషెంటు, ఇంకో పక్క నా కొడుకు. ఇంక నోరు పెగల్లేదు.

ఇది ఇంతేనా, తిరిగొస్తుందా? వీర్యం బయటికి రాకపోతే ఒంట్లో ఏమన్నా చెడుతుందా? మా ఆవిడేమో "నాకేమీ అక్కర్లేదు, నువ్వు ఉంటే చాలు" అంటుంది. తెలిసినవాళ్లు చెప్పండి. ఎగతాళి మాత్రం వద్దు.

ఉగ్గాని_బజ్జి
ఎగతాళి వద్దన్నారు కాబట్టి నేను గమ్మున ఒక మూల కూర్చుంటా. పెద్దలు రాయండి.

తెల్లకాగితం
డాక్టరు అన్నదాంట్లో తప్పేముంది? ప్రాణం మీదికి వచ్చి పోయింది. ఇప్పుడన్నా ఆ ధ్యాస తగ్గించుకోవాలి. మహానంది పోయి నాలుగు రోజులు ఉండి రండి మాస్టారూ, మనసు కుదుటపడుతుంది.

బోరుబావి_రెడ్డి
తెల్లకాగితం అన్నా, మహానంది కోనేట్లో నేనూ మునిగొచ్చినా. నీళ్లు శానా తేటగా ఉండాయి, చల్లగా ఉండాయి. అంతే. మాస్టారు అడిగింది మోక్షం సంగతి కాదు గదా.

నాది ధర్మవరం పక్క పల్లె. నాకు ఆపరేషన్ చేయలేదు, బెంగళూరులో కరెంటు (రేడియేషన్) పెట్టినారు. దాంతోపాటు మూణ్ణెల్లకొక సూది. నా కత వేరే ఉండాది, రాత్రికి రాస్తా. ఇప్పుడు చెనిక్కాయలు ఎండలో ఉండాయి, మబ్బు పట్టింది.

యూరో_పీజీ
కర్నూలులోనే ఎంబీబీఎస్ చదివా, ఇప్పుడు వేరే రాష్ట్రంలో యూరాలజీ చేస్తున్నా. మాస్టారు మూడు ప్రశ్నలు కలగలిపి అడిగారు, విడదీసి చెప్తా.

వీర్యం సంగతి ముందు. అందులో ఎక్కువ భాగం తయారయ్యేది ప్రోస్టేట్‌లో, దాని వెనకుండే వీర్యకోశాల్లో. ఆపరేషన్‌లో ఆ రెండూ తీసేస్తారు, బీజాల (వృషణాల) నుంచి వచ్చే గొట్టాలను కత్తిరించి మూసేస్తారు. ఇంక బయటికి రావడానికి ఏముంటుంది? లోపల ఎక్కడా పేరుకుపోదు కూడా. బీజాల్లో తయారైన కణాలు ఒంట్లోనే కలిసిపోతాయి. దానివల్ల నీరసం, నడుంనొప్పి ఏమీ రావు. పిల్లలు మాత్రం మామూలు దారిలో పుట్టరు. ఆ ఆలోచన ఉన్న వయసువాళ్లయితే ఆపరేషన్‌కు ముందే వీర్యం భద్రపరచుకోవాలి.

గట్టిపడటానికి పనికొచ్చే నరాలు ప్రోస్టేట్‌కు రెండు వైపులా దాన్ని అంటుకునే పోతాయి. ఒకప్పుడు వాటి దారి సర్జన్లకే తెలిసేది కాదు. 1981లో హాలండ్‌లోని లైడెన్‌లో డోంకర్ అనే పెద్ద ప్రొఫెసరు, అమెరికా సర్జన్ పాట్రిక్ వాల్ష్ కలిసి వాటిని వెతికి పట్టుకున్నారు. మరుసటి ఏడే వాల్ష్ ఆ నరాలను వదిలిపెట్టి ప్రోస్టేట్ మాత్రమే తీసే ఆపరేషన్ చేశాడు. కాన్సర్ నరాల దగ్గరికి పాకి ఉంటే మాత్రం వదలడం కుదరదు. వదిలినా ఆ లాగుడుకు దెబ్బతిని మొద్దుబారతాయి. మళ్లీ తేరుకోవడానికి ఏడాదిన్నర, రెండేళ్లు, కొందరికి ఇంకా ఎక్కువే పడుతుంది. వయసు, షుగరు, బీపీ, బీడీ సిగరెట్లు, ఆపరేషన్‌కు ముందు ఎలా ఉండేది, అన్నీ లెక్కలోకి వస్తాయి. అందరికీ వస్తుందని అబద్ధం చెప్పను.

ఇక ఆ వణుకు. స్పర్శను మోసే నరం వేరు, అది ప్రోస్టేట్‌ను అంటుకుని పోదు. మామూలుగా ఆపరేషన్‌లో దానికేమీ కాదు. అందుకే గట్టిపడకపోయినా, చుక్క రాకపోయినా భావప్రాప్తి కలగొచ్చు. మీకొచ్చింది అదే మాస్టారూ. ఏదీ తెగలేదు. కొందరికి అది ముందుకంటే పలచగా ఉంటుంది, కొందరికి గాఢంగా ఉంటుంది, ఇంకొందరికి మొదట్లో నొప్పి కూడా ఉంటుంది.

బోరుబావి_రెడ్డి
చెనిక్కాయలు ఎత్తి లోపల పోసినా. డాక్టరు సామి చెప్పింది మా పల్లె లెక్కన చెప్తా. ఒకే స్తంభం మీద మోటారు లైను పోతాది, ఇండ్ల లైనూ పోతాది. మోటారు లైను తెగితే ఇంట్లో బల్బు ఆరిపోదు.

ఉగ్గాని_బజ్జి
మా ఆలూరు పక్క ఇండ్ల లైను కూడా రాత్రి ఎప్పుడొస్తుందో ఏఈకే తెలీదు రెడ్డన్నా. సరే సరే, మూలకు పోతున్నా.

సీమ_మాస్టారు
యూరో_పీజీ గారూ, ఇంత విడమరిచి ఎవరూ చెప్పలేదు. ఇది చదివి లేచిపోయి రెండు గ్లాసుల నీళ్లు తాగొచ్చా. ఒకటి చెప్పండి, నా నరాలు వదిలారో తీసేశారో నాకెలా తెలుస్తుంది? డిశ్చార్జి కాగితంలో రాస్తారా?

యూరో_పీజీ
ఆపరేషన్ నోట్సులో కచ్చితంగా ఉండాలి. రెండు వైపులా వదిలారు, ఒక వైపే వదిలారు, వదల్లేదు, ఈ మూడింట్లో ఒకటి. డిశ్చార్జి సమ్మరీలో లేకపోతే నోట్సు కాపీ అడగండి. అడిగే హక్కు పేషెంటుకు ఉంది, మొహమాటం వద్దు. అది చేతిలో లేకుండా మీకు ఎంత వస్తుందో ఎవరు చెప్పినా గాల్లో చెప్పినట్టే.

పద్మ_నర్సు
నర్సు అక్కడ ఉందని మాస్టారు మాట్లాడలేకపోయారు. నేను నర్సునే. మాకు ఇవి రోజూ చూసే విషయాలు, మా ముందు సిగ్గుపడాల్సిన పనిలేదు. అసలు ఇబ్బంది కొడుకుతో. వచ్చేసారి గదిలోకి పోయే ముందే "నువ్వు పోయి బిల్లు కట్టిరా నాయనా" అని పంపించండి. ఎక్కువమంది మగవాళ్లు తలుపు దాకా పోయి, గొళ్లెం పట్టుకుని, "ఇంకోటి అడగాలి మేడమ్" అంటారు. అప్పటికి డాక్టరు తరువాతి ఫైలు తెరిచేసి ఉంటాడు.

ఫార్మసీ_బాషా
కడప నుంచి. నా షాపుకు గట్టిపడటానికి వాడే మాత్రల కోసం వచ్చేవాళ్లను దూరం నుంచే గుర్తుపడతా. చీకటి పడ్డాకే వస్తారు, కౌంటరు దగ్గర ఆడవాళ్లు ఉంటే విక్స్ బిళ్లలు కొనుక్కుని పోతారు, కాసేపటికి మళ్లీ వస్తారు. ఒకాయన ఇంట్లో ఆ లెక్కన డబ్బాడు విక్స్ బిళ్లలు ఉండాలి.

మాస్టారూ, సిల్డెనాఫిల్, టడలాఫిల్ అని రెండు రకాలు ఎక్కువ నడుస్తాయి. సిల్డెనాఫిల్ ఖాళీ కడుపున, గంట ముందు వేసుకోవాలి, నాలుగైదు గంటలు ఉంటుంది. బిర్యానీ తిని వేసుకుని "నీ మందు పని చేయలేదు" అని నాతో గొడవ పెట్టుకున్నవాళ్లున్నారు. టడలాఫిల్‌కు తిండితో పేచీ లేదు, ఒకటిన్నర రోజు దాకా ఉంటుంది, చిన్న డోసు రోజూ వేసుకునే పద్ధతి కూడా ఉంది. వేసుకుని టీవీ చూస్తూ కూర్చుంటే ఏదీ జరగదు, కోరిక, స్పర్శ ఉండాల్సిందే. నరాలు పూర్తిగా తీసేసినవాళ్లకు ఈ మాత్రలు పెద్దగా పట్టవు.

చీటీ లేకుండా నేనివ్వను, ఎందుకో చెప్తా. ఒక పెద్దాయన గుండె మందుల చీటీ నా ముందు పెట్టి, "వీటితోపాటు ఆ నీలం బిళ్లలు ఓ స్ట్రిప్పు" అన్నాడు. చీటీలో సార్బిట్రేట్ అనే నైట్రేట్ మందు ఉంది. ఆ రెండూ కలిస్తే బీపీ పాతాళానికి పోతుంది, మనిషి దక్కడు. గుండెకు నైట్రేట్ మందులు వాడేవాళ్లు, నాలుక కింద పెట్టుకునే బిళ్ల జేబులో పెట్టుకున్నవాళ్లు, ఈ మాత్రల జోలికే పోకూడదు. నేను ఇవ్వలేదని ఆయన నా ఏడు తరాలను తిట్టి పోయినాడు. పోతే పోనీ.

యూరో_పీజీ
బాషా భాయ్‌కు దండం. ఇంకోటి కలుపుతా: ఛాతీ నొప్పితో ఎప్పుడైనా ఆస్పత్రికి పోవాల్సి వస్తే, ఈ మాత్ర వేసుకున్న సంగతి సిగ్గుపడకుండా చెప్పాలి. సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటల్లోపు, టడలాఫిల్ అయితే 48 గంటల్లోపు అక్కడ నైట్రేట్ ఇవ్వకూడదు. మూత్రం సాఫీగా రావడానికి టామ్సులోసిన్ లాంటివి వాడేవాళ్లకు కూడా తల తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది, డాక్టరుకు చెప్పి డోసు చూసుకోవాలి.

ధాతుపుష్టి_వైద్యం
ఇంగ్లీషు మందులతో నరాలు ఇంకా చచ్చిపోతాయి. వీర్యం ఎండిపోవడమే అన్ని రోగాలకు మూలం. తాతల కాలం నుంచి మా వంశంలో చేస్తున్న లేహ్యం, నలభై ఒక్క రోజులు, పాలతో. వీర్యం మళ్లీ ఊరుతుంది. సంప్రదించవలసిన నంబరు –

వేదిక_కాపలా
నంబరు తీసేశా. మళ్లీ పెడితే ఖాతా తీసేస్తా.

ఫార్మసీ_బాషా
గ్రంథే లేనప్పుడు వీర్యం ఏ లేహ్యంతో ఊరుతుందయ్యా? ఇలాంటి పొడుల్లో, లేహ్యాల్లో చెప్పకుండా సిల్డెనాఫిల్ నూరి కలపడం దేశదేశాల్లో పట్టుబడిన వ్యవహారమే. అది గుండె మందులు వాడేవాడి కడుపులో పడితే ఏమవుతుందో పైనే రాసినా. కాన్సర్ వచ్చినవాళ్లు "మగతనం పెంచే" సూదులు కూడా సొంతంగా వేయించుకోకూడదు.

ధాతుపుష్టి_వైద్యం
నమ్మకం లేనివాళ్లకు చెప్పి లాభం లేదు.

ఉగ్గాని_బజ్జి
నమ్మకం ఉంది, గ్రంథి లేదు. అదీ సమస్య.

పెన్నా_ఇసుక
ప్రొద్దుటూరు. నాకు ఆపరేషన్ అయి కొన్నేళ్లయింది, ఒక వైపు నరాలే వదిలారు. మాత్రలు పనిచేయలేదు. తర్వాత పంపు వాడినా. దాని గురించి ఎవరూ ఉన్నదున్నట్టు చెప్పరు కాబట్టి నేను చెప్తా.

గాజులా కనిపించే ప్లాస్టిక్ గొట్టం, దానికి చేత్తో నొక్కే పంపు. మొదలు దగ్గర వెంట్రుకలు తీసేయకపోతే గొట్టం అంచు పట్టి లాగి కంట్లో నీళ్లు తెప్పిస్తుంది. నీళ్లలో కలిసిపోయే జెల్లీ పూసుకుని, గొట్టం పెట్టి, నిదానంగా గాలి లాగాలి. రక్తం చేరి గట్టిపడుతుంది. అప్పుడు గొట్టం మీదున్న రబ్బరు రింగును మొదట్లోకి జార్చి గొట్టం తీసేయాలి. రింగు అరగంటకు మించి ఉంచకూడదు, ఇది మర్చిపోవద్దు. కొంచెం చల్లగా, రంగు మారినట్టు ఉంటుంది. రింగు వెనక భాగం గట్టిపడదు కాబట్టి మొదట్లో ఊగుతుంది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టరును అడక్కుండా మొదలుపెట్టొద్దు.

ఆ చప్పుడుకు మొదటిసారి మా ఆవిడ నవ్వాపుకోలేక గోడ వైపు తిరిగింది. నాకు మండింది. కాసేపటికి నాకూ నవ్వొచ్చింది. ఆపరేషన్ అయినాక మేమిద్దరం ఆ గదిలో నవ్వడం అదే మొదలు. ఆ రోజు ఇంకేమీ జరగలేదు గానీ తర్వాత జరిగింది. బీరువా పైన డబ్బా చూసి మా మనవడు "తాతా, నా సైకిల్‌కు గాలి కొట్టు" అన్నాడు, అది వేరే కత.

ఆపరేషన్ అయిన కొన్ని వారాలకే మొదలుపెట్టాలి, లేకపోతే కండ ఎండి పొట్టిదైపోతుంది అని నాకు చెప్పినారు. మాస్టారూ, మీరు ఆలస్యం చేయొద్దు.

యూరో_పీజీ
పెన్నా_ఇసుక గారు వాడే పద్ధతి చక్కగా చెప్పారు. ఆఖరి మాటతో మాత్రం పూర్తిగా ఏకీభవించను. ఆపరేషన్ తర్వాత కొందరికి కొంచెం పొట్టి అవడం నిజమే, ముందుగా పంపు వాడితే అది తగ్గుతుందన్న ఆశ కూడా ఉంది. కానీ ముందుగా మొదలుపెట్టినవాళ్లకు మందూ పంపూ లేకుండా సొంతంగా గట్టిపడటం తిరిగొస్తుందనడానికి రుజువు అంత గట్టిగా లేదు. మొదలుపెడితే మంచిదే. ఆలస్యమైంది కాబట్టి అంతా అయిపోయిందని మాత్రం మాస్టారు బెంగపెట్టుకోకూడదు.

పెన్నా_ఇసుక
మీరు పుస్తకం చదివినారు, నేను పంపు కొట్టినా. నాకు పనిచేసింది.

యూరో_పీజీ
మీకు పనిచేయలేదని అన్నానా నేను?

పద్మ_నర్సు
ఇద్దరూ ఒకటే చెప్తున్నారు, గొంతులే వేరు. మూత్రం కారడం గురించి ఎవరూ రాయలేదు. సుఖం కలిగే క్షణంలో కొద్దిగా మూత్రం పడటం ఈ ఆపరేషన్ అయినవాళ్లలో చాలామందికి ఉంటుంది. అది జరిగిందని సిగ్గుతో ఆ తర్వాత భార్య పక్కకే పోనివాళ్లను చూశా. ముందు మూత్రానికి పోయి రావాలి, సాయంత్రం కాఫీ టీలు తగ్గించుకోవాలి, కావాలంటే కండోమ్ వేసుకోవాలి, పక్కన పాత టవలు ఒకటి పెట్టుకోవాలి. మూత్రంలో రోగమేదీ లేకపోతే దానివల్ల భార్యకు ఏమీ కాదు. మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరం ఉంటుంది కదా, దాన్ని బిగించి వదిలే వ్యాయామం రోజూ చేయాలి. మూత్రం పోసేటప్పుడు మాత్రం చేయకూడదు. బస్సులో కూర్చుని చేసినా ఎవరికీ కనపడదు.

ఉగ్గాని_బజ్జి
ఇప్పుడు కర్నూలు–ఆదోని బస్సులో ముఖం బిగించి కూర్చున్న ప్రతి పెద్దమనిషి మీదా నాకు అనుమానమే.

రాయచోటి_కోడలు
ఇక్కడంతా మగవాళ్లే రాస్తున్నారు, నేను రాయొచ్చో లేదో. మా ఆయనకు కూడా ఇదే ఆపరేషన్. మాస్టారి భార్య "నాకేమీ అక్కర్లేదు" అన్నదాని గురించి రాయాలనిపించింది.

నేనూ అదే అన్నా. ఆయన మీద బరువు పెట్టకూడదని అన్నా. ఆయనకేమో "నువ్వు పనికిరావు, వదిలేశా" అని వినపడిందంట. మంచం వరండాలోకి మార్చుకున్నాడు, గాలి రావడం లేదని సాకు. నాకేమో ఆయనకు నా మీద విరక్తి వచ్చిందనిపించింది. ఒకే ఇంట్లో ఇద్దరం ఎవరి లెక్కలు వాళ్లం వేసుకుంటూ కూర్చున్నాం. ఆయన నా తలకు నూనె పెట్టేవాడు ఆదివారాలు, అది కూడా మానేశాడు. తాకితే నేను ఇంకేదో ఆశిస్తానని భయమంట. నాకు కావాల్సింది ఆ నూనె పెట్టడమే అని ఈయనకు ఎట్ల తెలుస్తుంది, నేను చెప్పకపోతే?

చివరికి నేనే అడిగా, గట్టిగానే. ఆ మాటల వివరం ఇక్కడ వద్దు. గట్టిపడటం సంగతి పక్కనబెట్టి, చేతులతో, దగ్గరితనంతో ఆయనకూ నాకూ సుఖం ఉందని మెల్లగా తెలిసింది. డాక్టరు చెప్పినట్టు ఆయనకు ఆఖరి సుఖం ఉంది, చుక్క లేదంతే. మొదట ఆయనకు అది వింతగా అనిపించింది, ఇప్పుడు "దుప్పటి ఉతికే పని తప్పింది నీకు" అంటాడు.

ఇంకొకటి. ముట్లు నిల్చినాక మా ఆడవాళ్లకు కూడా పొడిబారి నొప్పి ఉంటుంది. కొన్నేళ్లుగా ఓర్చుకున్నానని ఆయనకు అప్పుడే చెప్పా. జెల్లీ దొరుకుతుందని అప్పటిదాకా నాకే తెలీదు. కాబట్టి మాస్టారూ, మీ ఆవిడ "అక్కర్లేదు" అన్నదాంట్లో ఈ నొప్పి కూడా ఉందేమో అడగండి.

సీమ_మాస్టారు
అమ్మా, వరండా మంచం మా ఇంట్లో కూడా పడింది. సాకు కూడా అదే, గాలి.

తెల్లకాగితం
ఆడవాళ్లు ఇలాంటివి బయట రాయడం నాకు నచ్చలేదు. అది నా అభిప్రాయం.

రాయచోటి_కోడలు
సరే అన్నా, చదవొద్దు.

బోరుబావి_రెడ్డి
నా కత రాస్తానంటి గదా. మాస్టారికి నరాల సమస్య, కోరిక ఉండాది. నాకు కోరికే పోయింది. మూణ్ణెల్లకొకసారి వేసే సూది మగ హార్మోనును అణిచిపెడుతుంది, కాన్సర్‌కు ఆ హార్మోనే తిండి అంట. ఏ ధ్యాసా లేదు. సినిమాలో పాట వస్తే ఒగప్పుడు చూస్తాంటి, ఇప్పుడు రేట్ల వార్తలు ఒగటే ఆ పాట ఒగటే. బాధ కూడా అనిపించదు, అదే వింత. బాధ పడేది నా పెండ్లాం.

పైగా ఉన్నట్టుండి మెడ కాడనించి సెగ. జనవరిలో, చలికి అందరూ కంబళ్లు కప్పుకున్న పొద్దున చొక్కా విప్పి నిలబడినా. రచ్చకట్ట కాడ అందరూ నన్నే చూస్తారు. నా పెండ్లాం విసనకర్ర చేతికిచ్చి "ఇప్పుడు తెలిసిందా, నాకు వచ్చినప్పుడు చూపులు చూస్తివే" అన్నది. ముట్లు నిల్చినప్పుడు ఆడోళ్లకు వచ్చేది ఇదేనంట.

కరెంటు వల్ల కూడా మెల్లమెల్లగా తగ్గుతాదని చెప్పినారు. సూదులు ఆపితే మళ్లీ వస్తాదా సామీ?

యూరో_పీజీ
రెడ్డి గారూ, కరెంటుకు, ఆపరేషన్‌కు తేడా అదే. ఆపరేషన్‌లో ఒక్కసారిగా పోయి, కొందరికి మెల్లగా తిరిగొస్తుంది. కరెంటులో మొదట బాగానే ఉండి, రెండు మూడేళ్లలో, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా తగ్గుతూ పోతుంది. వీర్యం కూడా తగ్గిపోతుంది. అక్కడ మాత్రలు చాలామందికి బాగానే పనిచేస్తాయి.

సూదులు ఆపితే హార్మోను చాలామందిలో మళ్లీ పెరుగుతుంది, కానీ వెంటనే కాదు, నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. వయసు ఎక్కువైనా, సూదులు చాలా ఏళ్లు వాడినా పూర్తిగా రాకపోవచ్చు. అది ఎప్పుడు ఆపాలో మీ డాక్టరే చెప్పాలి, కోరిక కోసమని మీరు సొంతంగా ఒక డోసు కూడా ఎగ్గొట్టొద్దు. ఆ హార్మోనుకు, ఈ కాన్సర్‌కు ఉన్న సంబంధం కనిపెట్టింది చార్లెస్ హగ్గిన్స్, 1941లో. దానికే 1966లో నోబెల్ వచ్చింది. ఈలోగా ఎముకలు, కండలు తగ్గకుండా నడక, బరువులెత్తే వ్యాయామం చేయండి. మీకు పొలం పని ఉంది కాబట్టి సగం అయిపోయినట్టే.

చిత్రావతి_గట్టు
రెడ్డి మామ రాసింది చదివి రాస్తున్నా. మా నాయనకు సూదులు కాదు, బీజాలే తీసేసినారు. ఎముకలకు పాకింది, సూదులకు డబ్బు లేదు, ఒకసారి ఆపరేషన్ చేస్తే సరిపోతుందన్నారు, సంతకం నేనే పెట్టినా. దాంతో నొప్పులు తగ్గి లేచి తిరుగుతున్నాడు, అది నిజం. కానీ ఏం చేస్తున్నారో నాయనకు ఎవరూ విడమరచి చెప్పలేదు. మా అమ్మకు డ్రెస్సింగు మార్చేటప్పుడు తెలిసింది. ఇప్పుడు ఆయన పంచె కట్టుకునేటప్పుడు కూడా తలుపు వేసుకుంటాడు. నేను కొడుకును, ఎలా మాట్లాడాలి? సూదులు ఇస్తే తిరిగొస్తుందా?

యూరో_పీజీ
బీజాలు తీసేస్తే అది శాశ్వతం. మగ హార్మోను సూదులు ఇవ్వకూడదు, కాన్సర్‌కు మళ్లీ మేత వేసినట్టవుతుంది. ఆ ఆపరేషన్ తప్పు కాదు, మన దేశంలో ఖర్చు భరించలేనివాళ్లకు ప్రాణం నిలిపేది అదే చాలాసార్లు. చెప్పకుండా చేయడం తప్పు. ఇప్పుడైనా మీ డాక్టరునే మీ అమ్మను, నాయనను ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పమనండి. మీరు గది బయట ఉండండి.

పద్మ_నర్సు
తమ్ముడూ, ఖాళీ తిత్తి చూసుకుని బాధపడేవాళ్లకు లోపల కృత్రిమ బీజాలు పెట్టే చిన్న ఆపరేషన్ ఉంది. చూపుకు మాత్రమే. కొందరు అదేం వద్దంటారు, కొందరికి పెద్ద ఊరట. మాట్లాడటం సంగతికి వస్తే, నువ్వు మాట్లాడాల్సిన పనిలేదు. ఆయన వయసు మగమనిషితో మాట్లాడించు. రెడ్డి గారి లాంటివాళ్లు దగ్గర్లోనే ఉన్నారు కదా.

బోరుబావి_రెడ్డి
నాయనను పిల్చుకుని రా అబ్బీ. ధర్మవరం వస్తే సంగటి తిని మాట్లాడుకుంటాం. నువ్వు మాత్రం చేన్లో తిరుగుదువులే. నా వివరం వేదిక ఆయనకు ఇస్తా, నీకు విడిగా పంపుతాడు.

సీమ_మాస్టారు
మాత్రలు, పంపు రెండూ పనిచేయకపోతే? అక్కడితో ఆఖరా?

పెన్నా_ఇసుక
సూది ఉంది. అంగం పక్క భాగంలో సన్నని సూదితో మందు వేసుకోవాలి, కాసేపట్లో గట్టిపడుతుంది. నరాలు లేకపోయినా పనిచేస్తుంది. నాకు ధైర్యం చాల్లేదు, నాతోపాటు వేలూరు వచ్చిన ఒకాయన వాడతాడు, చీమ కుట్టినంత కూడా లేదంటాడు.

యూరో_పీజీ
మొదటి డోసు క్లినిక్‌లోనే, డాక్టరు ముందే వేసుకోవాలి, డోసు వాళ్లే కుదురుస్తారు. గట్టిపడింది నాలుగు గంటలైనా తగ్గకపోతే అర్ధరాత్రయినా ఆస్పత్రికి పోవాలి, లేకపోతే లోపలి కండ చచ్చిపోతుంది. చివరి మెట్టు ఇంప్లాంటు. లోపల వంచే కడ్డీలు పెడతారు, లేదా నీళ్లు నింపే గొట్టాలు పెట్టి బీజాల సంచిలో చిన్న పంపు అమరుస్తారు. అది పెట్టాక సహజంగా తిరిగొచ్చే అవకాశం వదులుకున్నట్టే, కాబట్టి తొందరపడి ఎవరూ పెట్టరు. పెట్టించుకున్నవాళ్లలో ఎక్కువమంది తృప్తిగానే ఉంటారు.

తెల్లకాగితం
ఒకటి అడగొచ్చా. మా బావకు పీఎస్‌ఏ 9 వచ్చింది. బయాప్సీ (ముక్క తీసి పరీక్ష) అంటున్నారు. ఏ ట్రీట్‌మెంటు చేయించుకుంటే ఈ... ఈ ఇబ్బంది తక్కువ ఉంటుంది?

ఉగ్గాని_బజ్జి
బావకా.

వేదిక_కాపలా
బజ్జీ, ఊరుకో.

యూరో_పీజీ
ముందు బయాప్సీ కానివ్వండి. పీఎస్‌ఏ 9 అంటే కాన్సర్ అని కాదు, వయసుతో గ్రంథి ఉబ్బినా, ఇన్‌ఫెక్షన్ వచ్చినా పెరుగుతుంది. ఒకవేళ కాన్సరే అయినా, మెల్లగా పెరిగే రకమని తేలితే వెంటనే ఏమీ చేయకుండా పీఎస్‌ఏ, స్కాన్, బయాప్సీలతో కనిపెట్టుకుంటూ ఉండే పద్ధతి ఉంది. అందులో నరాలకూ ఏమీ కాదు. ముదురు రకమైతే అప్పుడు ఆపరేషనా, కరెంటా అన్నది మాట్లాడుకోవాలి, ఈ ప్రశ్న కూడా ముందే అడగాలి. ఇంకోటి, ఉబ్బిన గ్రంథిని మూత్రనాళం లోంచి గీకే ఆపరేషన్ వేరు. అందులో గట్టిపడటానికి మామూలుగా ఇబ్బంది ఉండదు, వీర్యం మాత్రం వెనక్కి మూత్రాశయంలోకి పోతుంది. రెండూ కలిపేసి ఊర్లో భయపెట్టేవాళ్ల మాట బావగారిని విననివ్వొద్దు.

తెల్లకాగితం
చెప్తాను. బావకు.

సీమ_మాస్టారు
ఆపరేషన్ నోట్సు కాపీ కోసం ఫోన్ చేశా, ఈ నెలాఖరుకు ఇస్తామన్నారు. పోయేటప్పుడు ఆవిడను తీసుకుపోతున్నా, అబ్బాయిని కాదు. షుగరు ఉంది, గుండె మందులేవీ లేవు బాషా గారూ, మాత్రల సంగతి చీటీ మీదే అడుగుతా. పంపు సంగతి కూడా. పెన్నా_ఇసుక గారూ, రింగు సైజు ఎలా చూసుకోవాలి?

పెన్నా_ఇసుక
డబ్బాలో రకరకాల సైజులు ఇస్తారు. అన్నిటికంటే వదులుదానితో మొదలుపెట్టండి, నిలవకపోతే దాని కిందిది. నొప్పి పుట్టినా, మొద్దుబారినా అదే క్షణం తీసేయండి. పక్కన గడియారం ఉండాలి. జెల్లీ షాపులో అడగడానికి మొహమాటమైతే స్కానింగు జెల్లీ అనకండి, అది వేరే, నేను అదే తెచ్చుకుని తిప్పలు పడినా.

ఫార్మసీ_బాషా
లూబ్రికెంట్ జెల్లీ, నీళ్లలో కలిసేది అని చీటీ మీద రాసి ఇవ్వండి చాలు, నోరు తెరవాల్సిన పనే లేదు. కొబ్బరినూనె కండోమ్‌తో వాడొద్దు, రబ్బరు చిరిగిపోతుంది. మధ్యాహ్నం రెండు మూడు గంటలప్పుడు ఏ మెడికల్ షాపులోనూ జనం ఉండరు మాస్టారూ, అప్పుడు పోండి.